మోటారు తిరుగుతోంది, బండి కదలడం లేదు



మన మండవల్లి క్యాంపస్‌లో ఆరు నుంచి తొమ్మిది తరగతులకు నేను ఇంగ్లీషు చెబుతాను. ఈ పేజీలో మామూలుగా పరీక్షలకు ఎలా చదవాలి, పిల్లల చేతిలో ఫోన్ ఎలా తగ్గించాలి లాంటి విషయాలు వస్తుంటాయి. ఈ నెల రాసే వంతు నాకు వచ్చింది. నేను బొమ్మ కారు గురించి రాయబోతున్నాను. నవ్వుకోకండి, చివరిదాకా చదవండి.

కిందటి పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు మార్కుల షీటు చూశాక కుర్చీలోంచి లేవలేదు. గొంతు తగ్గించి, "మేడమ్, మావాడు రిమోట్ కారు విప్పి కూర్చుంటున్నాడు. నాలుగు వేలు పెట్టి కొన్నాను. వారం తిరక్కుండా ముక్కలు చేశాడు. మీరు కాస్త గట్టిగా చెప్పండి, మీ మాటయితే వింటాడు" అన్నారు. వెనక ఇంకా పదిమంది లైన్లో ఉన్నారు. "చెబుతానండీ" అనేశాను. సాయంత్రం బస్సులో ఇంటికి వెళుతుంటే అసలు ఏం చెప్పాలో నాకే తెలియలేదు. ఎందుకంటే ఆ పిల్లవాడు చేసిన పని నాకు తప్పుగా అనిపించలేదు. ఆయనకు చెప్పాల్సిన జవాబే ఇది. ఆయన్ని అడిగే రాస్తున్నాను, పేరు మాత్రం రాయను.

ముందు మా ఇంటి సంగతి చెబుతాను.

మా మేనమామ కువైట్‌లో డ్రైవరుగా చేసేవాడు. 2007లో సెలవుకి వస్తూ ఒక పెద్ద అట్టపెట్టె తెచ్చాడు. తను పనిచేసే ఇంట్లో పిల్లవాడు వద్దంటే వాళ్ళు ఇచ్చేశారట. పెట్టె మీద ఎర్ర బగ్గీ కారు ఒకటి ఇసుక లేపుకుంటూ గాల్లోకి ఎగురుతున్న బొమ్మ. అది అన్నయ్యకి. నాకు హెయిర్ క్లిప్పులు, చాక్లెట్లు. అన్నయ్య పెట్టె తెరిస్తే లోపల కారు లేదు. ప్లాస్టిక్ ఫ్రేములకు అతుక్కుని ఉన్న ముక్కలు, చిన్న చిన్న కవర్లలో స్క్రూలు, పళ్ళచక్రాలు, స్ప్రింగులు, ఒక మోటారు, బ్యాటరీ, రిమోటు, రంగు లేని పల్చటి ప్లాస్టిక్ డొప్ప, ఒక పుస్తకం. "నిన్ను మోసం చేశార్రా తమ్ముడూ" అంది మా అమ్మ.

మోసం కాదు. అది కిట్. కారును మనమే తయారు చేసుకోవాలని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మామ, అన్నయ్య, వీధి చివర టీవీలు బాగుచేసే ఆయన ముగ్గురూ కలిసి రెండు రాత్రులు కూర్చుని బిగించారు. కరెంటు పోయినప్పుడు టార్చి పట్టుకోవడం నా పని. పుస్తకం ఎవరూ చదవలేదు, బొమ్మలు చూసి కానిచ్చారు. చివరికి నాలుగు స్క్రూలు మిగిలాయి. "ఎక్స్‌ట్రా ఇచ్చారు" అన్నాడు మామ. గుడి ముందు సిమెంటు రోడ్డు మీద ఆ కారు మూడు రోజులు పరిగెత్తింది. నాలుగో రోజు రిమోటు నొక్కితే మోటారు గుయ్యిమని అరుస్తోంది, బండి మాత్రం కదలడం లేదు. "మోటారు పోయింది" అని తేల్చారు. అటకెక్కింది.

2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు నేను బీఈడీలో ఉన్నాను. క్లాసులు ఆగిపోయాయి, ఇంటికి వచ్చేశాను. అటక దులుపుతుంటే ఆ పెట్టె దొరికింది. రిమోటులో సెల్స్ కారిపోయి స్ప్రింగుల మీద పచ్చగా చిలుము పట్టింది. ఒక వైరును ఎలుకలు కొరికేశాయి. పుస్తకం మూలలు కూడా తిన్నాయి కానీ పేజీలు మిగిలాయి. చేతిలో పనేమీ లేదు కదా, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను. ఇంగ్లీషు టీచరు కాబోయేదాన్ని, డిగ్రీ దాకా ఎన్ని నవలలు, ఎన్ని పద్యాలు చదివానో. కానీ ఆ సన్నటి పుస్తకంలో ప్రతి పేజీలోనూ నాకు తెలియని మాట కనీసం ఒకటి తగిలింది.

ఎనిమిదో పేజీలోనో తొమ్మిదో పేజీలోనో అసలు విషయం దొరికింది. మోటారు నుంచి ఒక సన్నటి ఇనుప కడ్డీ బయటికి వస్తుంది. దాని చివర చిన్న పళ్ళచక్రం తొడుగుతాం, దాన్ని పినియన్ అంటారు. ఆ చక్రం పక్కన కంటికి సరిగ్గా ఆనని తల లేని స్క్రూ ఒకటి ఉంటుంది. కడ్డీకి ఒక వైపు చదునుగా కోసి ఉంటుంది. ఆ స్క్రూ సరిగ్గా ఆ చదును మీద కూర్చునేలా బిగించాలి. గుండ్రటి వైపున బిగిస్తే కొన్నాళ్ళు పట్టుకుంటుంది, తర్వాత జారిపోతుంది. అప్పుడు కడ్డీ తిరుగుతుంది, చక్రం తిరగదు. మోటారు అరుస్తుంది, బండి కదలదు. మా కారుకి జరిగింది అదే. మోటారుకి ఏమీ కాలేదు. పదమూడేళ్ళు అది అటక మీద పడి ఉండటానికి కారణం ఆవగింజంత స్క్రూ ఒకటి.

దాన్ని బిగించడానికి పెట్టెలో ఇచ్చిన ఎల్ ఆకారం తాళం ఎప్పుడో పోయింది. పొద్దున్నపూట మాత్రమే తెరిచే మొబైల్ రిపేరు షాపాయన దగ్గర అలాంటిది దొరికింది. స్ప్రింగుల మీద చిలుము నిమ్మరసంలో ముంచిన దూదితో తుడిస్తే పోయింది. జపాన్ కిట్ల స్క్రూల తల మీది ప్లస్ గుర్తు మన మామూలు ప్లస్ స్క్రూడ్రైవరుకి సరిగ్గా అమరదు, జారి తల నలిగిపోతుంది. ఇద్దరి దగ్గర తలలు నలిపించుకున్న స్క్రూలవి. మధ్యలో వెడల్పు రబ్బరు బ్యాండు ముక్క పెట్టి గట్టిగా నొక్కి తిప్పితే చాలావరకు వచ్చేశాయి. ఇంకొకటి నేర్చుకున్నాను. ప్లాస్టిక్‌లో ఒకసారి బిగించి తీసిన స్క్రూను మళ్ళీ బిగించేటప్పుడు ముందు వెనక్కి తిప్పాలి. ఒకచోట టక్కుమని కిందికి దిగినట్టు వేలికి తెలుస్తుంది. అది పాత మరలో పడ్డ చప్పుడు. అక్కడి నుంచి ముందుకి తిప్పితే పాత దారిలోనే వెళుతుంది. అలా చెయ్యకపోతే కొత్త మర కోసుకుని రెండు మూడు సార్లకే ప్లాస్టిక్ పట్టు పోతుంది. ఈ టక్కు అనేది ఎవరికీ మాటల్లో నేర్పలేం. ఎవరి వేలికి వాళ్ళకే తెలియాలి.

పాత బ్యాటరీ పనికిరాలేదు, కొత్తది తెప్పించాను. మొత్తం ఇరవై రోజులు పట్టింది. డాబా మీద కారు పరిగెత్తినప్పుడు అమ్మ వచ్చి చూసి, "అయితే అప్పుడు మోటారు పోలేదన్నమాట" అంది. అన్నయ్యకి వీడియో పంపాను. వాడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేరు. "అది నాది" అని మెసేజ్ పెట్టాడు. ఇప్పటికీ ఇవ్వలేదు.

నా మీద నాకు నమ్మకం కలిగించిన పనులు లెక్కపెట్టుకుంటే బీఈడీ ర్యాంకు కంటే ముందు ఈ కారే గుర్తొస్తుంది. ఇది బడాయికి చెప్పడం లేదు. ఇంటర్లో నేను ఎంపీసీ తీసుకోలేదు. "నీకు లెక్కలు రావు" అని అందరూ అనేవారు, నేనూ అనుకునేదాన్ని. టార్చి పట్టుకున్న ఆ రెండు రాత్రుల్లో ఎవరైనా ఒక్క స్క్రూడ్రైవరు నా చేతికిచ్చి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. కానీ ఎవరూ ఇవ్వలేదు.

ఈ కిట్లు ఎక్కడి నుంచి వచ్చాయో కూడా కొంచెం చెప్పాలి. జపాన్‌లో షిజువోకా అనే ఊరుంది. అక్కడ తమియా అనే సంస్థ 1946లో కలప వ్యాపారంగా మొదలైంది. ఆ కలపతోనే ముక్కలు జోడించుకునే చెక్క బొమ్మలు చేశారు, తర్వాత ప్లాస్టిక్‌కి మారారు. 1976లో పోర్షే 934 నమూనాతో వాళ్ళ మొదటి రేడియో కంట్రోల్ కారు కిట్ వచ్చింది. ఆ సంస్థను దశాబ్దాల పాటు నడిపిన షున్‌సాకు తమియా గారు ఆ నమూనా కోసం ఒక నిజం పోర్షే కారు కొని, దాన్ని విప్పి చూశారు. బొమ్మ చెయ్యడానికి అసలు కారును ముక్కలు చేసిన మనిషి! మనింట్లో పిల్లవాడు నాలుగు వేల కారు విప్పితే మనం కేకలేస్తున్నాం. ఆయన 2025 జూలైలో తన 90వ ఏట కన్నుమూశారు. వాళ్ళు 1984లో తెచ్చిన గ్రాస్‌హాపర్ అనే బగ్గీని 2005లో మళ్ళీ విడుదల చేశారు. అందుకే నలభై ఏళ్ళ కిందటి కారుకి కూడా ఇవాళ విడిభాగాలు దొరుకుతున్నాయి. తండ్రి చిన్నప్పుడు బిగించిన కారును కొడుకో కూతురో బాగుచేసుకునే వీలుంది. నాకు ఈ అలవాటులో బాగా నచ్చిన సంగతి ఇదే. పాడైతే పారేసే వస్తువుగా కాదు, పాడైతే విప్పే వస్తువుగానే దాన్ని తయారు చేశారు.

మనకిది కొత్త కాదు కూడా. మీలో చాలామంది ఎండాకాలం సెలవుల్లో ముంజలు తిన్నాక తాటికాయలు పారెయ్యకుండా బండి చేసుకునే ఉంటారు. రెండు కాయలు, మధ్యలో ఇరుసుకి ఒక పుల్ల, తోయడానికి చివర చీలిన పొడుగాటి కర్ర. ఇరుసు పుల్ల లావైతే చక్రం తిరగదు, సన్నమైతే ఊగుతుంది. ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. రెండు పాడుచేస్తే మూడోది వచ్చింది. ఇక్కడికి దగ్గర్లోనే కొండపల్లిలో తెల్లపొణికి చెక్కను ముక్కలుగా చెక్కి, చింతగింజల ముద్దతో అతికించి ఎడ్లబళ్ళు, అంబారీ ఏనుగులు చేస్తున్నారు. ముక్కలు జోడించి బండి చెయ్యడం మన చేతులకు తెలిసిన పనే. మన పిల్లల చేతులకే తెలియకుండా పోతోంది.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్పాలి. ఇది చెప్పకుండా మీకు సలహాలిచ్చే అర్హత నాకు లేదు.

ఆ మధ్య ఒక సైన్స్ ఎగ్జిబిషన్‌కి నన్ను కూడా జడ్జిగా వేశారు. ఇంగ్లీషులో వివరించే తీరుకి మార్కులు వెయ్యడం నా పని. ఏ స్కూలు, ఏ సంవత్సరం అన్నది వదిలెయ్యండి. ఒక టేబుల్ మీద థర్మకోల్ నగరం. ఎల్‌ఈడీ లైట్లు, తిరిగే గాలిమరలు, బల్లకి సరిపడా పచ్చటి గడ్డి. ఇలాంటివి తయారుగా దొరుకుతాయని మీకూ తెలుసు, మాకూ తెలుసు. పక్క టేబుల్ మీద ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు పాత రిమోట్ కార్ల ముక్కలన్నీ కలిపి ఒక కారు చేసుకొచ్చాడు. అడుగున పీవీసీ షీటు ముక్క, ముందు రెండు చక్రాలు ఒక సైజు, వెనక రెండు ఇంకో సైజు. రిమోటు నొక్కితే ఎనిమిదడుగులు నడిచి ఎడమకి తిరిగిపోయింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ ఎడమకే. అందరూ నవ్వారు. వాడి ఇంగ్లీషు కూడా తడబడింది. థర్మకోల్ నగరం తెచ్చిన అమ్మాయి మూడు పేజీలు అప్పజెప్పింది. "ఈ లైట్లు ఆగితే ఎక్కడ చూస్తావమ్మా?" అని అడిగితే మాత్రం వెనక్కి తిరిగి వాళ్ళ నాన్నగారి వైపు చూసింది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. మొదటి బహుమతి ఆ అమ్మాయికే ఇచ్చాం. ఆ షీటు మీద నా సంతకం ఉంది.

అంతా అయ్యాక అబ్బాయి తన సామాను సంచిలో సర్దుకుంటుంటే వెళ్ళి అడిగాను, ఎడమకే ఎందుకు తిరుగుతోందని. తెలుగులో గడగడా చెప్పాడు. "ఎడమ చక్రం షీటుకి రాసుకుంటోంది మేడమ్, ఇరుసు కొంచెం వంగింది. వాచరు పెడితే సరిపోద్ది, రాత్రి దొరకలేదు." వాడికి కారణం తెలుసు, మందు తెలుసు, లేనిదల్లా వాచరు. అంతమంది పిల్లల్లో తన మోడల్‌లో లోపం ఎక్కడుందో చెప్పగలిగినవాడు నాకు కనిపించింది వాడొక్కడే. వాడికి పార్టిసిపేషన్ సర్టిఫికెట్ ఇచ్చాం.

తర్వాత కొన్ని నెలలకి వాళ్ళమ్మగారు కనిపిస్తే కారు సంగతి అడిగాను. "పాత ఇనప సామాన్లవాడికి వేసేశానండీ, తొమ్మిదో తరగతికి వచ్చాడు కదా" అన్నారు. ఆవిడనేం అంటాను? ఆవిడ చేసింది నేను పెట్టిన సంతకం చూసే కదా.

మళ్ళీ మొదటి నాన్నగారి దగ్గరికి వస్తాను. ఆయనకి రొయ్యల చెరువులున్నాయి. రాత్రి రెండింటికి ఏరియేటర్ ఆగిపోతే ఏమవుతుందో ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతే తెల్లారేసరికి పంట తేలిపోతుంది. ఆ సమయంలో ఆయన చేసేదేమిటి? టార్చి వేసుకుని వెళ్ళి చూస్తారు. కరెంటు వస్తోందా? వస్తోంది. మోటారు తిరుగుతోందా? తిరుగుతోంది. రెక్కలు తిరగడం లేదా? అయితే మధ్యలో గేర్‌బాక్సు. మా కారుని పదమూడేళ్ళు అటక మీద ఉంచిన ప్రశ్న ఇదే, ఆయన రాత్రిపూట గట్టు మీద నిలబడి రెండు నిమిషాల్లో వేసుకునే ప్రశ్న ఇదే. ఆయన కొడుకు నాలుగు వేల బొమ్మ మీద వేసుకుంటున్నదీ ఇదే. తండ్రి చేస్తే అనుభవం, కొడుకు చేస్తే అల్లరి ఎలా అవుతుంది?

ఆ అబ్బాయిని మర్నాడు పిలిచి అడిగాను. గట్టిగా చెప్పడానికి కాదు, ఎందుకు విప్పావో తెలుసుకుందామని. "వెనక చక్రం ఒకటి చేత్తో తిప్పితే రెండోది రివర్సులో తిరుగుతోంది మేడమ్. ఎందుకో చూద్దామని" అన్నాడు. మీ ఇంట్లో డిఫరెన్షియల్ ఉన్న రిమోట్ కారుంటే ఆపి, పైకెత్తి ఒకసారి ప్రయత్నించండి. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం వెళ్ళాలి. ఒకే ఇరుసు మీద రెండూ ఒకే వేగంతో తిరిగితే ఒకటి ఈడ్చుకుపోతుంది. అలా జరగకుండా మధ్యలో పెట్టిన చిన్న పళ్ళచక్రాల గుంపే డిఫరెన్షియల్. మీ ట్రాక్టరులో ఉన్నది అదే, కారులో ఉన్నది అదే. ఏడో తరగతి పిల్లవాడికి ఆ ప్రశ్న పుట్టింది. దానికోసం నేనైతే నాలుగు వేలు ఎక్కువనుకోను.

సరే, మీ అభ్యంతరాలు నాకు తెలుసు. మీటింగుల్లో విన్నవే.

డబ్బు. మంచి జపాన్ కిట్ ఒకటి మన చేతికొచ్చేసరికి పది వేలు దాటుతుంది, పైన రిమోటు, బ్యాటరీ, ఛార్జరు. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. ఫీజులు కట్టే మీకు ఇంకో ఖర్చు చెప్పడం నా ఉద్దేశం కాదు. మొదటి కారుగా కొత్త కిట్ కొనొద్దనే చెబుతాను. మీ ఇంట్లోనో, బంధువుల ఇంట్లోనో ఆగిపోయిన రిమోట్ కారు ఒకటి తప్పకుండా ఉంటుంది. రెండు మూడు వందల్లో మంచి చిన్న స్క్రూడ్రైవర్ల సెట్టు, స్క్రూలు వేసుకోవడానికి ఖాళీ ఐస్‌క్రీమ్ డబ్బా, విప్పే ముందు ప్రతి దశకీ ఒక ఫోటో తియ్యడానికి మీ ఫోను. ఇవి చాలు. అది బాగవ్వకపోయినా నష్టం లేదు, ఎలాగూ ఆగిపోయిందే. అందులో ఆరు నెలలు నిలిచిన పిల్లలకి కిట్ సంగతి అప్పుడు ఆలోచించండి.

ప్రమాదం. ఈ మాట తేలిగ్గా తీసెయ్యను. లిథియం పాలిమర్ బ్యాటరీ ఉబ్బినా, గుచ్చుకున్నా, తప్పు ఛార్జరుతో పెట్టినా నిప్పంటుకుంటుంది. ఎవరూ లేనప్పుడు ఛార్జింగ్ పెట్టకూడదు, మంచం మీద అసలు పెట్టకూడదు. పిల్లలకి నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ మంచిది, బరువెక్కువ కానీ అంత కోపిష్టిది కాదు. పాత నికెల్ కాడ్మియం బ్యాటరీలు దొరికితే కాలవలో గానీ చెరువులో గానీ వెయ్యకండి, కాడ్మియం విషం. సోల్డరింగ్ చేసేటప్పుడు, స్ప్రే రంగు వేసేటప్పుడు పెద్దవాళ్ళు పక్కనుండాలి, రంగు పని ఆరుబయటే. ఇంట్లో చిన్నపిల్లలుంటే స్క్రూల డబ్బా అందకుండా పెట్టండి.

సమయం. ఆదివారం రెండు గంటలు. అంతకంటే ఎక్కువ నేనూ అడగను, వీకెండ్ టెస్టుల సంగతి నాకు తెలుసు.

అన్నిటికంటే ఎక్కువగా అడిగేది, "మేడమ్, ఇది ఐఐటీకి పనికొస్తుందా?" అని. నిజం చెప్పాలంటే, ప్రవేశపరీక్షలో మార్కులు వస్తాయని నేను చెప్పలేను. అలా చెప్పి దీన్ని అమ్మదలచుకోలేదు. ఐఐటీకి పనికొస్తుందని తేలిన మరుక్షణం దీనికి ఒక మెటీరియల్, ఒక టెస్టు, ఒక ర్యాంకు తయారవుతాయి. ఆ రోజుతో పిల్లలకి దీని మీద ఆసక్తి పోతుంది. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య ఎప్పుడైనా పది రోజులు పుస్తకాల సంచి లేకుండా చేతిపనులు చూపించమంది. అటల్ టింకరింగ్ ల్యాబులు 2016 నుంచి నడుస్తున్నాయి. రాబోయే ఐదేళ్ళలో ప్రభుత్వ బడుల్లో 50,000 ల్యాబులు పెడతామని 2025 బడ్జెట్‌లో చెప్పారు. ఫీజు కట్టి చదివే మన పిల్లలకి స్క్రూడ్రైవరు పట్టుకోవడం రాదంటే ఎలా? ల్యాబు కట్టే వరకూ ఆగక్కర్లేదు, డైనింగ్ టేబుల్ చాలు.

ఇంగ్లీషు టీచరుగా నా స్వార్థం కూడా ఒకటుంది. కిట్ పుస్తకంలో ఉన్నంత సూటి ఇంగ్లీషు మా పాఠ్యపుస్తకంలో లేదు. ఈ టర్మ్‌లో తొమ్మిదో తరగతికి మా కారు పుస్తకంలోంచి రెండు పేజీలు తీసి కాంప్రహెన్షన్‌గా ఇచ్చాను. "మరీ బిగించకండి" అనే వాక్యం దగ్గర ఒకమ్మాయి లేచి, "ఎంత బిగిస్తే మరీ అవుతుంది మేడమ్?" అని అడిగింది. సంచిలోంచి కారు తీసి, స్క్రూడ్రైవరు తన చేతికిచ్చి, నువ్వే చూడు అన్నాను. ఆ పీరియడ్ బెల్ కొట్టినా ఎవరూ లేవలేదు.

తల్లిదండ్రులుగా మీరు చెయ్యాల్సిన కష్టమైన పని ఒకటే. చెయ్యి పెట్టకుండా పక్కన కూర్చోవడం. పిల్లవాడు స్ప్రింగు తలకిందులుగా పెడుతున్నాడని మీకు కనిపిస్తుంది. చెప్పకండి. ఆరు స్టెప్పులు వెళ్ళాక వాడికే తెలుస్తుంది, మళ్ళీ ఆరూ విప్పుతాడు. అప్పుడు "నాకు ముందే తెలుసు" అని కూడా అనకండి. మెకానిక్ నాన్నలకి ఇది మరీ కష్టం. ఒకాయన నాతో, "రాత్రి వాడు పడుకున్నాక లేచి నేనే బిగించేశానండీ" అని ఒప్పుకున్నారు. పొద్దున లేచిన పిల్లవాడు సంతోషించాడట. నాకు మాత్రం ఆ కారు ఇక వాడిది కాదనిపించింది. ఇంకో మాట, ఇంట్లో ఆడపిల్ల ఉంటే టార్చి మీరు పట్టుకుని స్క్రూడ్రైవరు ఆ పిల్లకివ్వండి.

ప్రిన్సిపాల్ గారిని అడిగాను. వచ్చే నెల నుంచి రెండో శనివారం చివరి పీరియడ్ నాకు ఇచ్చారు. స్టాఫ్‌రూమ్ పక్క వరండాలో రెండు బల్లలు వేస్తాం. ఆగిపోయిన రిమోట్ కారు ఉన్నవాళ్ళు పంపించండి. మార్కులుండవు, బహుమతులుండవు, ఫోటోలు తీసి గ్రూపులో పెట్టడం కూడా ఉండదు. బ్యాటరీ విడిగా తీసి పంపండి. మోటారు పోయిందని మీకు అనిపించినా సరే పారెయ్యకండి. ఎడమకే తిరిగే కారు చేసిన అబ్బాయికి కూడా కబురు పంపాను. వస్తాడో రాడో తెలియదు. హార్డ్‌వేర్ షాపులో అన్ని సైజుల వాచర్లు ఒక్కో డజను కొని ఉంచాను.